సీసాలో గడ్డిపరకలు

ఆ వేసవిలో మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ అరిగిపోయింది మా హారతి నుదురే. అది లేస్తూనే ఒకసారి, పాలు తాగాక ఒకసారి, ఆడుకుంటుంటే వెనకనుంచి వెళ్లి ఇంకోసారి, నా అరచెయ్యి దాని నుదుటి మీదే ఉండేది. "అమ్మా, నా బొట్టు చెరిపేస్తున్నావ్" అని నాలుగేళ్ల పిల్ల విసుక్కునేది. మా అత్తయ్య అమ్మణ్ణి గారైతే, "ఇస్త్రీపెట్టె పెట్టినట్టు దాని మొహం మీద ఆ చెయ్యేంటే?" అనేవారు.

కారణం లేకపోలేదు. రెండో పంట దాళ్వా కోతలప్పుడు, కాలవలు కట్టేసి ఊళ్లో నీళ్లన్నీ అడుగంటుతున్న రోజుల్లో, అది మా పెరటి గుంటలో పడింది.

గుంటంటే మరీ పెద్దదేం కాదు. కాలవ పారేటప్పుడు నింపుకుంటే వేసవంతా బాతులకీ, గేదెకీ, గిన్నెలు తోముకోడానికీ సరిపోతుంది. దిగడానికి తాటిమొద్దులు వేసుంటాయి. ఆ రోజు కోతమిషను మా చేలో దిగింది. మా ఆయన గణేష్‌బాబు గారు అక్కడున్నారు. నేను వంటింట్లో క్యారేజీలు సర్దుతున్నాను. బాతుపిల్ల వెనకాల పరిగెత్తిన హారతి పాచిపట్టిన తాటిమొద్దు మీద జారింది. బాతులు ఒక్కసారిగా గోల పెట్టబట్టి గడ్డిమేటు దగ్గరున్న అత్తయ్య తిరిగి చూశారు. చూసి, కట్టుకున్న చీరతోనే దిగిపోయి, గౌను పట్టుకుని పైకి లాగేశారు.

నేను వెళ్లేసరికి పిల్ల దగ్గుతోంది. నోట్లోంచీ ముక్కులోంచీ నీళ్లు. వీపు మీద చరిచాక గొంతెత్తి ఏడ్చింది. ఆ ఏడుపు నాకెంత హాయిగా వినబడిందో చెప్పలేను. గంట తిరక్కుండా పెరుగన్నం తిని, బాతుపిల్ల ఏదని అడిగింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

సాయంత్రం కాకినాడ నుంచి మా వదిన, అంటే మా ఆయన అక్కగారు సూర్యకళ, ఫోన్‌లో వీడియో పంపించింది. "చూడు ప్రసన్నా, జాగ్రత్త" అని కింద రాసింది. ఎక్కడో వేరే రాష్ట్రంలో చెరువులో స్నానం చేసిన పిల్లలకి, కంటికి కనిపించని అమీబా ముక్కులోంచి దూరి మెదడు దాకా వెళ్లిందట. వెనకాల గుండెలదిరే మ్యూజిక్కు. నేను అది ఆపి, మళ్లీ మొదట్నుంచీ చూశాను.

"ఏవండీ, దీనికి ముక్కులోకి నీళ్లు వెళ్లాయండి."

"ఆ గుంటలోనే నేను ఈత నేర్చుకున్నాను. ఎన్ని నీళ్లు మింగానో లెక్కలేదు. నా బుర్రకేమైంది? బాగానే ఉందిగా?" అన్నారు మా ఆయన.

"ఆ మాట మాత్రం నన్నడగాలి" అన్నారు అత్తయ్య, బియ్యంలో రాళ్లేరుకుంటూ.

వాళ్లిద్దరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటా. కానీ చెయ్యి మాత్రం వెళ్లి హారతి నుదుటి మీద పడింది.

మర్నాడు నాకు లోవలక్ష్మి గుర్తొచ్చింది. ఇంటర్లో నా పక్క బెంచీ, వాళ్లదీ ఈ ఊరే. నా చదువు సెకండియర్లోనే ఆగిపోయింది. జువాలజీ రికార్డులో పారమీషియం బొమ్మ వేసి, చుట్టూ వెంట్రుకలు ఒక్కొక్కటే గీస్తుంటే, పెళ్లివారొచ్చారు, ఇంటికి రమ్మన్నారని కబురొచ్చింది. ఆ బొమ్మకి ఇప్పటికీ ఒక పక్కే వెంట్రుకలు. లోవ మాత్రం చదువుకుంటూ పోయి, ఇప్పుడు రాజమండ్రిలో ఎమ్మెస్సీ చేస్తోంది. సెలవులకి వస్తూ, చెరువు నీళ్లలో ఉండే పురుగుల మీద ఏదో ప్రాజెక్టని, కాలేజీలోంచి మైక్రోస్కోపు తెచ్చుకుందని వీధంతా చెప్పుకున్నారు.

దాన్ని కలవడానికి నాకు కొంచెం మొహమాటమే. మైక్రోస్కోపు మాట విన్నాక మొహమాటం పోయింది. ఖాళీ పచ్చడి సీసా కడిగి, గుంటలో హారతి పడిన చోటే ముంచాను. గడ్డిమేటులోంచి నాలుగు పరకలు లాగి, మడిచి, నీళ్ల మీద వేశాను. బిందెతో నీళ్లు మోసే ఇంట్లో పుట్టినదాన్ని. దారిలో నీళ్లు తొణక్కుండా పైన గడ్డో ఆకో వెయ్యడం మా అమ్మ దగ్గర్నుంచి వచ్చిన అలవాటు. ఆలోచించి చేసిందేం కాదు.

తీరా వెళ్తే లోవ లేదు. ప్రాజెక్టు గైడు పిలిస్తే రాజమండ్రి వెళ్లిందని, వచ్చే వారం వస్తుందని వాళ్లమ్మ చెప్పింది. సీసా ఇంటికి తెచ్చి వంటింటి కిటికీలో పెట్టాను. పారబొయ్యబుద్ధి కాలేదు. దాన్ని పారబోస్తే, పాపకేమైందో తెలిసే దారి మూసుకుపోతుందనిపించింది.

రోజూ చూసేదాన్ని. మొదట్లో నీళ్లు లేతపచ్చగా, తేటగా ఉండేవి. తరవాత మసకబారాయి. పైన పలచటి పొర కట్టింది, గడ్డి చుట్టూ బియ్యం కడుగులాంటి తెలుపు.

"ఆ కుళ్లు నీళ్లు వంటింట్లో ఏంటే, గుమ్మంలో పెడితే చీమలు కూడా రావు" అన్నారు అత్తయ్య.

"ఉండనివ్వండి అత్తయ్యా. లోవ చూడాలి."

"లోవ చూసేదాకా మనం వాసన చూడాలా?"

నాకు వాసన గురించి కాదు. ఏదో పెరుగుతోంది అందులో. సీసాలో అలా పెరిగితే, పిల్ల ఒంట్లోకి వెళ్లింది ఎలా పెరుగుతోందో. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అంటే నిజమైపోతుందని భయం.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం నా చెయ్యి నుదుటి మీద పెట్టగానే వెనక్కి తీసుకున్నాను. కాలిపోతోంది.

మా ఆయన చేలో పని ఎక్కడిదక్కడ వదిలేసి వచ్చారు. నవ్వులాటలేం లేవు. బండి మీద మధ్యలో పిల్లని కూర్చోబెట్టుకుని తణుకు వెళ్లాం. పిల్లల డాక్టరు గారు గొంతు చూశారు, చెవులు చూశారు. నేను ఉండబట్టలేక అంతా చెప్పేశాను. గుంట, ముక్కు, వీడియో. విసుక్కుంటారనుకున్నాను. విసుక్కోలేదు.

"చెప్పి మంచి పని చేశారమ్మా. పాపా, గడ్డం గుండెకి ఆనించు చూద్దాం" అన్నారు. హారతి ఆనించింది. అరచేతిలో చాక్లెట్టు చూపిస్తే లాక్కుంది. "చూడండి, ఆ జబ్బు చాలా అరుదు. ఈ వేసవిలో జ్వరాలు రావడానికి వంద కారణాలున్నాయి. మందు రాస్తున్నాను. వాంతులైనా, మెడ బిగిసినా, మత్తుగా పడున్నా మాత్రం నిమిషం ఆగకుండా తీసుకొచ్చెయ్యండి."

ఆయన చెప్పిన వాటిలో ధైర్యం చెప్పే మాటలన్నీ మా ఆయనకి వినబడ్డాయి. నాకు 'నిమిషం ఆగకుండా' ఒక్కటే వినబడింది.

మర్నాడు పొద్దున్న జ్వరం తగ్గి, మళ్లీ వచ్చింది. పిల్ల అన్నం ముట్టలేదు. లోవ వచ్చిందని వాళ్ల పక్కింటి ఆవిడ ద్వారా తెలిసింది. హారతిని అత్తయ్య ఒళ్లో పెట్టి, సీసా కొంగుకింద దాచుకుని పరిగెత్తినట్టే వెళ్లాను.

లోవ నన్ను చూడగానే, "ఒసేయ్ ప్రసన్నా! పెళ్లయ్యాక మా వీధి కనబడిందా నీకు?" అంది. నా మొహం చూసి ఆగిపోయింది. "ఏమైందే?"

నేను చెబుతుండగానే అది సీసా మూత తీసి, ముక్కు చిట్లించి, గడ్డి పక్కనుంచి ఒక చుక్క తీసింది. అద్దం ముక్క మీద వేసి, దాని మీద రెండు దూదిపోగులు పరిచింది.

"దూదెందుకు?"

"లేకపోతే పట్టుకోలేం, పారిపోతాయి. ఈ పోగులు మనకి కంచె అనుకో." కిటికీ దగ్గర మైక్రోస్కోపు కింద ఉన్న చిన్న అద్దాన్ని ఎండవైపు తిప్పి, కన్ను పెట్టి, పక్కనున్న మర అటూ ఇటూ తిప్పింది. తరవాత "అమ్మ బాబోయ్" అంది.

నేను దాని భుజం పట్టుకుని ఊపాను. "ఉందా? అదేనా?"

"నువ్వే చూడు."

చూశాను. మొదట నా కనురెప్ప వెంట్రుకలే కనబడ్డాయి. తరవాత వెలుగు. ఆ వెలుగులో వందలూ వేలూ. ఒకదాని మీంచి ఒకటి, అమ్మవారి తీర్థంలో జనంలా. గిరగిరా తిరుగుతూ ఈదుతున్నాయి. దూదిపోగు తగిలితే వెనక్కి వచ్చి, కాస్త పక్కకి తిరిగి, మళ్లీ ముందుకి. నేను కన్ను తీసేశాను.

"ఇన్నా? లోవా, దాని ఒంట్లో కూడా ఇన్ని..."

"ఆగు. ఏడవకు. ముందు నాకొకటి చెప్పు, ఈ గడ్డెవరు వేశారు?"

"నేనే. నీళ్లు తొణక్కుండా."

లోవ నన్ను చూసింది, సీసాని చూసింది, మంచం మీద కూలబడి నవ్వడం మొదలెట్టింది. నాకు దాన్ని కొట్టాలనిపించింది.

"ఒసేయ్, చెరువు నీళ్లలో ఎండుగడ్డి వేసి వారం ఉంచితే ఇవి ఇలాగే పెరుగుతాయే! గడ్డి కుళ్లితే దాంట్లో బాక్టీరియా పుడుతుంది, అది తిని ఇవి పెరుగుతాయి. దీన్ని కల్చర్ అంటారు. కాలేజీలో ఇది చెయ్యడానికి నేను నెల్లాళ్లుగా తంటాలు పడుతున్నాను. నావి ప్రతిసారీ చచ్చి కంపు కొడతాయి. నువ్వేమో పచ్చడి సీసాలో... మళ్లీ చూడు. చెప్పు ఆకారంలో ఉన్నాయి, చూశావా? ఇవేంటో నీకు తెలుసు."

మళ్లీ కన్ను పెట్టాను. ఈసారి ఒకటి రెండు పోగుల మధ్య ఇరుక్కుని నిలబడింది. చెప్పు అడుగులా పొడుగ్గా. పక్కన చిన్న గాడి. అంచు పొడుగునా సన్నటి వణుకు, గాలికి వరిచేను అల్లాడినట్టు. ఒక పక్కే కాదు, చుట్టూ.

"పారమీషియం" అన్నాను.

"అదీ! ఇలా ఒళ్లంతా వెంట్రుకలుండి వాటితో ఈదేవన్నీ సిలియేట్లు. అమీబా ఇలా పరిగెత్తదు. ఒళ్లు సాగదీసుకుంటూ పాకుతుంది." లోవ నవ్వాపేసింది. నా చెయ్యి పట్టుకుంది. "కానీ ప్రసన్నా, నీకు అబద్ధం చెప్పను. ఆ వీడియోలోది ఈ నీళ్లలో ఉందో లేదో ఈ అద్దంలో నేను తేల్చలేను. పాప సంగతి డాక్టరు గారే చెప్పాలి. నేను చెప్పగలిగింది ఒకటే. సీసాలో పెరిగాయని పిల్లలో పెరుగుతాయని కాదు. పిల్ల కడుపులో ఎండుగడ్డి లేదు కదా?"

సగం బరువు దిగింది. సగమే. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అత్తయ్య.

"ఏమే, ఎక్కడున్నావ్? తొందరగా రా. పిల్ల ఒంటి మీద..."

పూర్తిగా వినలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా మధ్యాహ్నపుటెండలో పరిగెత్తాను. సిమెంటు రోడ్డు కాలుతోందన్న సంగతి తరవాతెప్పుడో పాదాలు చూసుకుంటే తెలిసింది. వాంతులా, మెడా, మత్తా? ఏది?

హారతి మంచం మీద కూర్చుని వీపు గోక్కుంటోంది. అత్తయ్య గౌను పైకెత్తి చూపించారు. వీపు మీద, పొట్ట మీద, చెవి వెనక ఎర్రటి పొక్కులు. కొన్నిటి మీద నీటిబొట్టు పెట్టినట్టు మెరుపు.

"ఆటలమ్మే" అన్నారు అత్తయ్య మెల్లిగా. "పక్కింటి అప్పాయమ్మ మనవడికి పోసింది కదా ఆమధ్య, వాడితో కలిసి ఆడింది. జ్వరం ఇందుకే."

నేను మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయి నవ్వాను. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి, నవ్వాగట్లేదు.

"పిల్లకి అమ్మవారు పోస్తే నవ్వే తల్లిని నిన్నే చూశానే" అన్నారు అత్తయ్య. ఆ మాట అంటూనే నా పక్కనే చతికిలబడి, కొంగుతో తన మొహం తుడుచుకున్నారు. అప్పటిదాకా ఆవిడ కూడా భయపడుతూనే ఉన్నారని నాకు అప్పుడు తెలిసింది.

మా ఆయన ఆ పొక్కులు ఫోటో తీసి డాక్టరు గారికి పంపించి, ఫోన్ చేశారు. చికెన్ పాక్సేనని, జ్వరానికి అదే కారణమని, గోళ్లు కత్తిరించి దురదకి మందు రాయమని, నేను భయపడ్డ దాని జోలికి ఇక వెళ్లొద్దని చెప్పారాయన. "నీకు మరీ మరీ చెప్పమన్నారు" అన్నారు మా ఆయన, ఫోన్ జేబులో పెట్టుకుంటూ. తరవాత హారతి జుట్టు నిమురుతూ చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

గుమ్మానికి వేపాకు కట్టారు. తాలింపు బంద్. ఎవరూ లోపలికి రాకూడదు, మేం ఎవరింటికీ వెళ్లకూడదు. ఆవకాయ పెట్టే రోజులు, కాయలు కూడా చెప్పించుకున్నాం. ఆ పనీ ఆగిపోయింది. కడిగి ఎండబెట్టిన జాడీలూ సీసాలూ అరుగు మీద బోర్లా పడున్నాయి.

మర్నాడు ప్రహరీ అవతల్నుంచి లోవ కేకేసింది. "ప్రసన్నా! నేను లోపలికి రానే, నాకింకా పొయ్యలేదు. నీ సీసా నా దగ్గరే ఉంది, నేనివ్వను. నాకింకా కావాలి. గుంటలో మూలమూలకీ ఒక్కో సీసా ముంచి, నీ చేత్తో గడ్డి వెయ్యి. ఏ గడ్డే అది?"

అత్తయ్య నా కంటే ముందు జవాబిచ్చారు. "ఇంటి తిండికని వేరే వేసుకునే పొలం చెక్కలో గడ్డమ్మా. దానికి మేం పురుగుమందు కొట్టం."

"అదండీ సంగతి! నేను మా మావయ్య చేలో గడ్డి వాడాను, దానికి ఎన్నిసార్లు కొట్టారో. అందుకే చచ్చుంటాయి."

అది మైక్రోస్కోపుని గుడ్డసంచీలో పెట్టి ప్రహరీ మీద ఉంచి, పది అడుగులు వెనక్కి వెళ్లింది. నేను వెళ్లి తీసుకున్నాను. ఇద్దరం దొంగసరుకు మార్చుకున్నట్టు నవ్వుకున్నాం.

అలా మొదలైంది. ఆవకాయకని కడిగిన జాడీల్లోనూ సీసాల్లోనూ గుంట నీళ్లు పట్టి గడ్డి వేశాను. హారతి నిద్రపోయాక, ఎండ బాగా ఉన్నప్పుడు, నేను అరుగు మీద మైక్రోస్కోపు పెట్టుకుని ఫోన్ స్పీకర్లో పెట్టేదాన్ని. లోవ వాళ్లింట్లో పుస్తకం ముందేసుకుని కూర్చునేది.

"ఏం కనిపిస్తోంది?"

"గరాటులా ఉందే ఇది. పొడుగ్గా సాగుతోంది, మళ్లీ ముద్దలా అయిపోతోంది. నీలంగా ఉంది కొంచెం."

"గరాటు మూతి చుట్టూ వెంట్రుకలు ఆడుతున్నాయా? లోపల పూసలు గుచ్చినట్టు వరస కనబడుతోందా?"

"ఆ, ఉంది, పూసల వరస ఉంది!"

"స్టెంటర్! ప్రసన్నా, నాకు ఒక్కటి కూడా దొరకలేదే ఇంతవరకూ!"

ఇంకోరోజు గడ్డిపరకకి అంటుకుని గంటల్లాంటివి కనబడ్డాయి, ఒక్కోదానికి ఒక్కో సన్నటి కాడ. అరుగు మీద అత్తయ్య రోలు జరిపితే చాలు, కాడలన్నీ ఉంగరాలు చుట్టుకుని టక్కున కిందకి ముడుచుకున్నాయి. కాసేపటికి భయం తీరినట్టు ఒక్కొక్కటే నిదానంగా లేచాయి. "వర్టిసెల్లా" అని లోవ చెప్పింది. నేను అత్తయ్యని పిలిచి చూపించాను. ఆవిడ ఒక కన్ను చేత్తో మూసుకుని చాలాసేపు వంగుని చూశారు.

"అత్తిపత్తిలా ఉన్నాయే" అన్నారు. "ఇవి మన గుంటలో ఎప్పట్నుంచీ ఉన్నాయి?"

"మీరు కాపురానికి రాకముందు నుంచీ ఉండుంటాయి అత్తయ్యా."

"వీటిల్లోనా నేను ఇన్నేళ్లూ గిన్నెలు తోమింది?" అని లేచి, రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కొచ్చారు. "జరుగు, ఇంకోసారి చూస్తాను."

పొక్కులు మాడి రాలిపోయాక హారతికి వేపాకు వేసి ఎండలో కాగిన నీళ్లు పోశాం. దాని వంటికి పసుపు రాస్తుంటే, మా ఆయన అరుగు మీది సీసాలు చూసి, "జాడీల్లో ఆవకాయకి బదులు చెరువు నీళ్లున్న ఇల్లు గోదావరి జిల్లాల్లో మనదొక్కటే" అన్నారు. "ఇవన్నీ పారబోసి, కాయలు కొట్టించనా?"

"అవి మాత్రం ముట్టుకోకు" అన్నారు అత్తయ్య. "కొత్త జాడీలు కొనుక్కురా."

ఆ ఏడు ఆవకాయ ఆలస్యమైంది. కాయ కొంచెం మెత్తబడింది కూడా. అయినా అందరం వేసుకుని తిన్నాం.

కాలవలకి నీళ్లు వదిలాక మా గుంట నిండింది. కొత్త నీళ్లలో ఏమొచ్చాయో చూడాలని లోవ రాజమండ్రి నుంచి ఫోన్ చేసింది. సీసా పట్టుకుని పెరట్లోకి బయల్దేరితే హారతి నా కుచ్చిళ్లు పట్టుకుంది. అది పడిన రోజు నుంచీ దాన్ని గుంట దరిదాపులకి రానివ్వలేదు నేను.

"నేను గడ్డి వేస్తానమ్మా."

అత్తయ్య మేటులోంచి నాలుగు పరకలు లాగి దాని చేతిలో పెట్టారు. నా వంక చూశారు.

మా ఆయన తాటిమొద్దుల మీద పాచి గీకేశారు. నేను ముందు దిగి కింది మొద్దు మీద నిలబడి, "నెమ్మదిగా, కూర్చుని జరుగు" అన్నాను. అది కూర్చుని జరిగింది. నా వెనక మొద్దు మీద చేరి, కాళ్లు నీళ్లలో పెట్టింది. నేను సీసా నిండా ముంచి పైకెత్తాను. హారతి పరకలు మడిచి, నాలుక బయటపెట్టి, జాగ్రత్తగా నీళ్ల మీద వేసింది.

"తొణకదు కదా ఇంక?"

"తొణకదు."

బాతులు అటు పక్కకి ఈదుకుంటూ పోయాయి. హారతి కాళ్లాడిస్తే నీళ్లు నా చీర మీద చిందాయి. అలవాటుగా నా చెయ్యి దాని నుదుటి వైపు కదలబోయింది. కానీ సీసా అంచుదాకా నిండుంది, రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. వాటిని అక్కడే ఉంచేశాను.